బస్టాండు రద్దీ రోడ్డెక్కింది

(సూర్యాపేటలో 2025 డిసెంబరులో జరిగిన ఒక సభలో విశ్రాంత ఆర్టీసీ ట్రాఫిక్ ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, పెద్దలకు, అమ్మలకు, వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం. ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి తమ్ముడూ, వచ్చి కూర్చోండి. సీటుండగా మనిషి నిలబడితే ఆర్టీసీ వాడికి మనసొప్పదు.

పండుగ ప్రయాణాలు ఎట్లా మారుతున్నాయో చెప్పమన్నారు. నేనేం పరిశోధకుణ్ని కాను. బస్టాండులో మైకు ముందు కూర్చుని "హైదరాబాద్ వెళ్లవలసిన ఎక్స్‌ప్రెస్ మూడో నంబరు ప్లాట్‌ఫాం మీద సిద్ధంగా ఉన్నది" అని అరిచిన మనిషిని. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. ముప్పై నలభై ఏళ్ల కింద పండుగ రద్దీ బస్టాండులో ఉండేది, రోడ్డు ఖాళీగా ఉండేది. ఇప్పుడు బస్టాండులో నిలబడటానికి జాగా ఉంది, రోడ్డు మీదే లేదు. రద్దీ ఎక్కడికీ పోలేదు, చోటు మారిందంతే. దాంతోపాటు ఏమేం మారాయన్నదే ఇవాళ్టి ముచ్చట.

మన ఊరి మీదుగా పోయేది 65వ నంబరు జాతీయ రహదారి. మన నోట్లో ఇంకా తొమ్మిదో నంబరే, 2010లో నంబర్లు మార్చినా సరే. పుణె దగ్గర మొదలై, షోలాపూర్, హైదరాబాద్, విజయవాడ మీదుగా మచిలీపట్నం దాకా పోతుంది. సూర్యాపేట వాళ్లకు పెద్ద పండుగ దసరా. పెత్రామాసకు, అంటే బతుకమ్మ మొదలయ్యే అమావాస్యకు మొదలుపెడితే సద్దుల బతుకమ్మ దాకా ఆడబిడ్డలు వస్తూనే ఉంటారు. సంక్రాంతికి మన గడప ముందు నుంచి పోయేదాంట్లో చాలావరకు వేరేవాళ్ల పండుగ. కోదాడ వాళ్లు, హుజూర్‌నగర్ వాళ్లు కోప్పడకండి, మీకు సంక్రాంతే పెద్దదని నాకు తెలుసు. అయినా ఆ మూడు నాలుగు రోజులు మన డాబా మీద నిలబడి చూస్తే హైదరాబాద్‌లో ఎవరు ఎక్కడి నుంచి వచ్చి బతుకుతున్నారో అర్థమవుతుంది. జనాభా లెక్కలు పదేళ్లకోసారి చేస్తారు. 2021లో చేయాల్సినవి ఇంకా చేయనే లేదు. పంతంగి టోల్‌గేట్ దగ్గర మాత్రం ఏటా జనవరిలో జరిగిపోతున్నాయి.

ముందు పాత సంగతి చెప్తా. హైదరాబాద్‌లో అప్పటికి గౌలిగూడ బస్టాండే. ఇమ్లీబన్ 1994లో వచ్చింది. భోగి ముందురోజు సాయంత్రం అక్కడ బస్సు ప్లాట్‌ఫాం మీదికి వచ్చేదాకా జనం ఎక్కడ ఆగేవాళ్లు? మలుపు దగ్గరే పరుగెత్తుకొచ్చేవాళ్లు. కిటికీలోంచి తువ్వాలు పడేది, చేసంచీ పడేది, సంచీ లేనివాడు పిల్లవాణ్ని ఎత్తి లోపలికి అందించేవాడు. ఆ పిల్లవాడు మూడు సీట్ల మీద కాళ్లు చాపుకుని పడుకుని "మా నాయిన వస్తుండు, మా నాయిన వస్తుండు" అని ఏడుపు మొహంతో కాపలా కాసేవాడు. తువ్వాలుకు ఎంత విలువంటే, అది పడ్డ సీట్లో కూర్చునే ధైర్యం ఎవరికీ లేదు. పైన టాపు మీద బియ్యం బస్తాలు, కోళ్ల గంపలు. వెనక నిచ్చెన పట్టుకుని కూలీ.

దొరికినవాడు పోయేవాడు, దొరకనివాడు రాత్రంతా అక్కడే దుప్పటి పరుచుకునేవాడు. బాధే, కాదనను. కానీ ఒక్కటి గమనించండి. ఎంత జనం వచ్చినా రోడ్డెక్కే బండ్లు మాత్రం మేం వదిలినన్నే. ఏ బస్సు ఎన్నింటికి కదలాలో చెప్పే టైంటేబుల్ ఒకటుండేది. పది నిమిషాలకొకటి, పావుగంటకొకటి. అది జనాన్ని గంటలవారీగా విడదీసేది. రెండు వరుసల రోడ్డు, మన ఊళ్లో నడిబజారులోంచే పోయేది, అయినా బస్సు సాఫీగా వచ్చేది.

ఇప్పుడు ఆ టైంటేబుల్ ఎవరి చేతిలో ఉంది? ఎవరి తాళంచెవి వాళ్ల జేబులో ఉంది. యాభై మందిని మోసే బస్సు బదులు, కారుకు ముగ్గురు చొప్పున చూసుకున్నా పదహారు పదిహేడు కార్లు. అందరికీ సెలవు ఒకేరోజు, ఆఫీసు వదిలేది ఒకేవేళ. ఇంకెట్లా ఉంటుంది?

రోడ్డును తప్పు పట్టలేం. నాలుగు వరుసలు పూర్తయి 2012 డిసెంబరులో టోలు మొదలైంది. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు. మొదట్లో జేబులో చిల్లర వెతుక్కుంటూ గేటు దగ్గరే సగం పుణ్యకాలం గడిచిపోయేది. 2021 ఫిబ్రవరి మధ్య నుంచి అన్ని వరుసలకూ ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. మొన్న నవంబరు 15 నుంచి ఇంకో మార్పు. ట్యాగ్ లేకుండా వచ్చి నోట్లు ఇస్తే రెట్టింపు, యూపీఐలో కడితే ఒకటింబావు. మంచిదే. గేటు దగ్గర ఆలస్యం బాగా తగ్గింది.

మరి జామ్ ఎందుకు తగ్గలేదు? వేళ్ల మీద లెక్క వేద్దాం. ఒక్కో బండికి పది సెకన్లు పట్టిందనుకోండి. నిమిషానికి ఆరు, గంటకు 360. పండుగకు ఎదురువైపు గేట్లు కూడా కొన్ని ఇటు తిప్పుతారు కదా, పది గేట్లు విజయవాడ వైపు తెరిచారనుకోండి, గంటకు 3600 బండ్లు. పది వరుసల్లో గేటు దాటిన ఆ బండ్లన్నీ వంద గజాలు పోగానే రెండు వరుసల్లో ఇమడాలి. గరాటు నోరు ఎంత వెడల్పు చేసినా కింద గొట్టం అంతే కదా. టీవీలో పంతంగి గేటు దగ్గర బారులే చూపిస్తారు, అక్కడ కెమెరా పెట్టడం తేలిక కాబట్టి. అసలు బిగుసుకునేది చౌటుప్పల్‌లో, చిట్యాలలో. ఇప్పుడక్కడా, పెద్దకాపర్తి దగ్గరా వంతెనల పనులు జరుగుతున్నాయి, బండ్లను సర్వీసు రోడ్డు మీదికి మళ్లిస్తున్నారు. పనులు ప్రాణాలు కాపాడటానికే, ఎన్ని ప్రమాదాలు జరిగిన మలుపులవి! కాకపోతే ఈ సంక్రాంతికి మాత్రం గొట్టం ఇంకా సన్నబడిందని గుర్తుపెట్టుకోండి.

ఈ జామ్ బస్సును ఏం చేస్తుందో బయటివాళ్లకు తెలియదు. పండుగ స్పెషల్ అంటే ఏంటి? ఇటు నిండుగా పోతుంది, అటు నుంచి ఖాళీగా వస్తుంది. ఆ ఖాళీ డీజిలు కోసమే స్పెషళ్లలో ఒకటిన్నర రెట్ల దాకా ఛార్జీ తీసుకోవచ్చని 2003లో జీవో 16 ఇచ్చారు. "పండుగ పేరుతో దోపిడీ" అని ఏటా తిట్టించుకునేది దాని గురించే. ఆంధ్రా ఆర్టీసీ 2023 సంక్రాంతికి స్పెషళ్లకు కూడా మామూలు ఛార్జీలే తీసుకుంది. సరే, ఆ చర్చ పక్కన పెడదాం. బస్సు విజయవాడలో దింపి వెంటనే తిరిగొస్తే అదే బస్సు, ఇంకో డ్రైవరుతో, రెండో ట్రిప్పు పోతుంది. దారిలో నాలుగు గంటలు ఇరుక్కుంటే ఆ రెండో ట్రిప్పు గల్లంతే. కాగితం మీద ఎన్ని స్పెషళ్లు వేసినా, ఎల్బీ నగర్‌లో సంచులు పట్టుకుని నిలబడ్డ మనిషి ముందుకు రావాల్సిన బస్సు చిట్యాలలో కార్ల వెనక ఆగి ఉంటుంది. కారున్నవాడు తన టైం ఒక్కటే పోగొట్టుకుంటున్నా అనుకుంటాడు. కారు లేనివాడి బస్సు కూడా పోయింది కదా నాయనా!

ఇక వారాంతాల సంగతి. సంక్రాంతి ఏడాదికోసారి. శుక్రవారం రాత్రి ఏడాదికి యాభై రెండు సార్లు.

మా రోజుల్లో కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తే ఇంటికి దసరాకు, ఉగాదికి, ఎవరిదన్నా పెళ్లికో చావుకో వచ్చేవాడు. ఇప్పుడు శుక్రవారం రాత్రి పదకొండింటికి గేటు చప్పుడైతే, కోడలు నిద్రపోతున్న పిల్లను భుజాన వేసుకుని దిగుతుంది. ఆదివారం సాయంత్రం టీ తాగి మళ్లీ బయల్దేరుతారు. డిక్కీలో బియ్యం, పచ్చడి సీసాలు, పెరట్లో కాసిన సొరకాయ. నాకు సంతోషమే. పాత రోజుల్లో ఎన్ని పండుగలైతే మనవరాళ్లను ఇంత చూసేవాణ్ని!

మొన్న ఆగస్టు 15 నుంచి వార్షిక పాసు ఒకటి వచ్చింది, సొంత కార్లకు. 3000 రూపాయలు, ఏడాదికి 200 ట్రిప్పులు. ఒక గేటు ఒకసారి దాటితే ఒక ట్రిప్పు. మన ఊరి నుంచి హైదరాబాద్‌కు కొర్లపహాడ్, పంతంగి, రెండు గేట్లు. పోనూ రానూ నాలుగు. రెండు వందలను నాలుగుతో భాగిస్తే యాభై. అంటే ఏడాదిలో దాదాపు ప్రతి శని ఆదివారాలకూ సరిపోతుంది. గేటుకు పదిహేను రూపాయలు పడుతుంది. టోలు ఎక్కువని నెలకోసారి వచ్చేవాడు, ముందే డబ్బు కట్టేశాక పదిహేను రోజులకోసారి వస్తాడు. కట్టిన పైసలు వదులుకోవడం మన వంశంలో లేదు. పాసు మంచిదా కాదా అని నన్నడగకండి. ఎవరికి వారికి మంచిదే. అందరూ కలిసి ఆదివారం ఆరింటికి ఎల్బీ నగర్ చేరాలంటేనే చిక్కు.

రెండో శనివారం, ఆదివారం, ఆ పక్కన ఏదన్నా సెలవు పడితే చూడండి. 2024 మే 13, సోమవారం, రెండు రాష్ట్రాల్లోనూ పోలింగు. ముందు 11 రెండో శనివారం, 12 ఆదివారం. ఎండాకాలంలో సంక్రాంతి వచ్చినట్టయింది. బస్సుల్లేవు, రైళ్లలో చోటు లేదు, జనం దొరికిన బండి ఎక్కి ఓటేయడానికి పోయారు. ఈ ఏడు దసరా అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడే వచ్చింది. ముక్కా లేదు, చుక్కా లేదు. ఇంకేముంది, ఎన్నడూ దసరా పొద్దున వచ్చే అల్లుళ్లు ముందురోజు మధ్యాహ్నానికే దిగారు, ముక్కకైనా చుక్కకైనా ఆ రోజే ఆఖరు మరి. నవ్వకండి, ప్రయాణం వేళను ఏది మారుస్తుందో దాన్నిబట్టే చెప్పొచ్చు. ట్రాఫిక్ పోలీసులు ఎంత బతిమాలినా కదలనివాళ్లు మటన్ దుకాణం మూస్తారంటే ఒకరోజు ముందే కదిలారు!

శ్రీశైలం ఇంకో పాఠం. డ్యాం గేట్లు ఎత్తారని ఫోన్లో వీడియో వస్తే చాలు, ఆ ఆదివారం ఘాట్‌లో బారులు తీరతాయి. ఆ దారి అమ్రాబాద్ పులుల అడవి మీదుగా పోతుంది. మన్ననూరు చెక్‌పోస్టును రాత్రి తొమ్మిదికి మూసి పొద్దున ఆరింటికి తెరుస్తారు. అడవి జంతువులకు అది న్యాయమే. కానీ ఆరింటికి గేటు లేవగానే రాత్రంతా ఆగిన బండ్లన్నీ ఒక్కసారే ఘాట్ ఎక్కుతాయి. మన హైవేకు అట్లాంటి గేటు లేదు. అయినా మనం ఉందన్నట్టే ఒకే గంటకు కదులుతున్నాం.

ఫోన్లో మ్యాపు చూసి పక్కదారి పడుతున్నాం కదా అంటారు కుర్రాళ్లు. మంచి దారులు లేకపోలేదు. గుంటూరు పోయేవాళ్లు నార్కట్‌పల్లిలో తిరిగి నల్లగొండ, మిర్యాలగూడ, వాడపల్లి, పిడుగురాళ్ల మీదుగా పోవచ్చు, అది నాలుగు వరుసల రోడ్డు. పోలీసులూ పండుగకు అటే పంపిస్తారు. సాగర్ రోడ్డు ఉంది. రాజమండ్రి వైపు వాళ్లకు మన ఊరి దగ్గరే ఖమ్మం రోడ్డు ఉంది. నా గొడవ వాటితో కాదు. మ్యాపు పది నిమిషాలు కలిసొస్తాయని చెప్పి పల్లెల్లోకి పంపే దారులతో. పండుగ పొద్దున ఆడపిల్లలు చలిలో వంగి వంగి వీధి నిండా ముగ్గు వేసి, రంగులద్ది, గొబ్బెమ్మలు పెడతారు. ఇంకా రంగు తడి ఆరకముందే వరుసగా కార్లు. మొదటివాడు పక్కనుంచి జాగ్రత్తగా పోతాడు. రెండోవాడూ పోతాడేమో. పదోవాడికి అక్కడ ముగ్గున్న సంగతే తెలియదు, రంగు చారలు కనపడతాయంతే. ఆ ఊరివాళ్లు ఎడ్లబండి అడ్డం పెడితే "ఏం మనుషులండీ" అని మనమే తిడతాం.

హైవే పక్క ఊళ్ల సంగతి ఎవరూ రాయరు. ఆ మూడు రోజులు రోడ్డు దాటి పొలానికి పోవాలంటే గండం. ఒకాయన పాలు కేంద్రానికి పోయాలి, కేంద్రం రోడ్డుకు అవతల. క్యాను పట్టుకుని డివైడరు మీద ఎంతసేపు నిలబడ్డాడో నేను బస్సులోంచి చూశాను. అటు చూస్తాడు, ఇటు చూస్తాడు, ఒక అడుగు వేస్తాడు, హారన్ మోగుతుంది, వెనక్కి వేస్తాడు. మా బస్సే ఆగి చెయ్యి ఊపితే దాటాడు. బస్సు ఆగినందుకు వెనక కార్లవాళ్లు చేసిన మోత ఇంకా చెవుల్లో ఉంది.

ఒక మంచి మార్పు కూడా చెప్పాలి. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం వచ్చాక మన ఆడవాళ్లు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో జీరో టికెట్ మీద పోతున్నారు. ఆంధ్రాలో ఈ ఏడు ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో వాళ్లకూ ఉంది. పండుగకు పుట్టింటికి పంపడానికి కొడుకు ఎప్పుడు కారు తీస్తాడా అని ఎదురుచూసే పెద్దావిడ, ఇప్పుడు ఆధార్ కార్డు కొంగున కట్టుకుని పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ ఎక్కి పోతోంది. మధ్యలో దిగి ఇంకో బస్సు మారుతుంది, ఆవిడకు తొందరేం ఉంది? మగవాళ్లు సీట్లు దొరకట్లేదని గొణుగుతున్నారు. గొణగనీయండి, తువ్వాలు వేసిన రోజులన్నీ వాళ్లవే కదా.

సరే, రాబోయే సంక్రాంతి. క్యాలెండరు చూడండి. భోగి జనవరి 14 బుధవారం, సంక్రాంతి గురువారం, కనుమ శుక్రవారం. వెనక 17 శని, 18 ఆది. ముందు 10 రెండో శనివారం, 11 ఆదివారం. నడుమ పనిరోజులు రెండే, 12, 13. సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆ రెండు రోజులు ఊళ్లోంచే లాప్‌టాప్ తెరుస్తారు. కాబట్టి పోయేవాళ్లు రెండు దఫాలుగా పోతారు, 9 రాత్రి నుంచి 10 మధ్యాహ్నం దాకా ఒక దఫా, 13 సాయంత్రం ఇంకో దఫా. ఇంటి నుంచి పనిచేయడం వచ్చి ఆ మేరకు మేలే జరిగింది. తిరుగు ప్రయాణమే భయం. 19 సోమవారం అందరికీ ఆఫీసు. పిల్లలకు బడి. అంటే 18 ఆదివారం మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా అందరూ మన ముందే.

నేను ముహూర్తాలు చూసే మనిషిని కాను, ఆర్టీసీలో చేరినవాడికి వర్జ్యం, రాహుకాలం ఉండవు. కానీ మన పెద్దల వారశూల ఒకసారి ఈ రోడ్డుకు పెట్టి చూడండి. శని, సోమ తూర్పుకు పోరాదు. ఆది, శుక్ర పడమరకు పోరాదు. హైదరాబాద్ నుంచి విజయవాడ తూర్పు, తిరిగొచ్చేది పడమర. అంటే శనివారం పోయి ఆదివారం వచ్చే మన వారాంతం మొత్తం శూలలోనే ఉంది! ఇక ఈసారి కనుమ శుక్రవారం. కనుమ నాడు కాకైనా కదలదంటారు, పైగా పడమర శూల. ఆదివారం మళ్లీ శూల, దానికి తోడు అమావాస్య. మిగిలింది ఒక్క శనివారం, 17. పంచాంగం నమ్మేవాళ్లకు శూల లేదు, నమ్మనివాళ్లకు రోడ్డు ఖాళీ. ముక్కనుమ ముక్క పొద్దున్నే వండించుకుని తిని, మీ పిల్లలను శనివారం మధ్యాహ్నం సాగనంపండి. ఒక్కరోజు ముందు పంపాలంటే అమ్మలకు కష్టమే, నాకు తెలుసు.

[శ్రోతల్లోంచి ఒకరు: ఆదివారం వద్దు సార్, సోమవారం తెల్లవారుజామున మూడింటికి బయల్దేరితే కాదా? రోడ్డు ఖాళీగా ఉంటుంది.]

ఖాళీగా ఉండదు బాబూ, మీలాగా అనుకున్నవాళ్లు చాలామంది ఉంటారు. జనవరిలో మునగాల నుంచి మన ఊరి దాకా ఆ వేళ మంచు ఎట్లా కమ్ముతుందో మీకు తెలుసు. మూడు నుంచి ఐదు మధ్య డ్రైవర్లకు కన్ను మూతపడుతుందని మా డిపోలో ఆ వేళ బస్సు ఆపించి టీ తాగించి, మొహం కడిగించి పంపేవాళ్లం, రోజూ అదే పని చేసేవాళ్లను. నాలుగు రోజులు పిండివంటలు తిని, రాత్రి పన్నెండు దాకా పేకాట ఆడి, అలారం పెట్టుకుని లేచినవాడికి ఎవరు ఆపి టీ ఇస్తారు? అంతా బాగుండి పోయినా ఎల్బీ నగర్‌కు ఆఫీసు వేళకే చేరతారు. అదింకో జామ్. శనివారం పొమ్మన్నాను, శనివారమే పోండి. ఇంకెవరన్నా అడగాలా? అమ్మా, మీరు చెయ్యెత్తినట్టున్నారు, చెప్పండి.